ఒక్క యూనిట్ కరెంటు కోసం

అమెరికా ఎడారుల్లో కరెంటు స్తంభం లేని చోట చలికాలమంతా కాపురముండే చక్రాల ఇళ్లు వేల సంఖ్యలో ఉంటాయి. వాటిలో దీపం వెలగాలన్నా, హీటరు తిరగాలన్నా దిక్కు ఓ పెట్టెలో కూర్చున్న రెండు బ్యాటరీలే. వాటిని నింపుకోవడమే అక్కడి రోజువారీ సంసారం.

ఆరిజోనా రాష్ట్రం పడమటి అంచున క్వార్ట్‌సైట్ అని ఓ చిన్న ఊరుంది. 2020 జనాభా లెక్కల్లో అక్కడ తేలిన మనుషులు 2,413 మంది. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది; బంకు దగ్గర తప్ప వీధిలో మనిషి కనిపించడు. అదే ఊరికి జనవరిలో వెళ్లి చూడండి. లాస్ ఏంజెలిస్ నుంచి ఫీనిక్స్ వెళ్లే ఐ-10 రహదారికి అటూ ఇటూ కంకర నేల మీద కనుచూపు మేరా చక్రాల ఇళ్లే. బస్సంత మోటార్‌హోములు, ట్రక్కు వెనక తగిలించుకొచ్చిన ట్రైలర్లు, వ్యాన్లు, రంగు మార్చిన పాత స్కూలు బస్సులు. అన్నిటికీ కలిపి ఆర్వీలనే పేరు. కెనడా నుంచీ, మిన్నెసోటా, మోంటానా లాంటి మంచు రాష్ట్రాల నుంచీ చలి తప్పించుకోడానికి దిగివచ్చిన రిటైర్డ్ దంపతులు చాలామంది. వీళ్లను 'స్నోబర్డ్స్' అంటారు. వాళ్ల మధ్యే, అద్దెలు కట్టలేక ఇల్లు వదిలేసి వ్యాన్‌లో కాపురం పెట్టినవాళ్లూ ఉంటారు. జెస్సికా బ్రూడర్ 2017లో తెచ్చిన 'నోమాడ్‌ల్యాండ్' పుస్తకం వాళ్ల గురించే. క్లోయీ జావ్ దాన్ని సినిమాగా తీస్తే 2021లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది.

వీళ్లు దిగే నేల సర్కారుది. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే ఫెడరల్ శాఖ చేతిలో దేశం మొత్తమ్మీద 24 కోట్ల ఎకరాలకు పైగా భూమి ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపినా దానికి మూడున్నర రెట్లు. అందులో చాలాచోట్ల పైసా కట్టకుండా 14 రోజులు బండి ఆపుకోవచ్చు. తర్వాత చోటు మార్చాలి. క్వార్ట్‌సైట్ పక్కన లా పోసా లాంటి కొన్ని ప్రాంతాల్లో మాత్రం సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఏడు నెలలూ ఉండొచ్చు. పర్మిట్ రుసుము ఏళ్ల తరబడి 180 డాలర్లుగానే ఉంటూ వచ్చింది, అదీ సీజను మొత్తానికి. నీళ్లు పట్టుకోడానికీ, చెత్త వేయడానికీ, మురుగు ట్యాంకు ఖాళీ చేసుకోడానికీ చోటు చూపిస్తారు. కరెంటు మాత్రం ఎవరికి వాళ్లు తెచ్చుకోవాల్సిందే.

ప్రైవేటు ఆర్వీ పార్కులో ఈ బాధ లేదు. బండి ఆపగానే పక్కనే స్తంభం, దానికి ప్లగ్గు, నీళ్ల గొట్టం, మురుగు గొట్టం. ఈ ఏర్పాట్లను 'హుకప్స్' అంటారు. మామూలు 30 ఆంపియర్ల లైను 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు ఇస్తుంది. అవేవీ లేకుండా బతకడాన్ని 'బూన్‌డాకింగ్' అంటారు. పార్కుల్లోనే ఏళ్లు గడిపినవాళ్లకు తమ బండిలో బ్యాటరీ ఉందన్న సంగతే గుర్తుండదు. ఎడారిలో మొదటి వారం గడిచేసరికి ఆంపియర్ల లెక్క నోటికొచ్చేస్తుంది.

ఆ లెక్క మనమూ వేద్దాం. చలికాలం, చిన్న ట్రైలర్, ఇద్దరు మనుషులు. ఫ్రిజ్ ప్రొపేన్ గ్యాసు మీద నడిచే రకం. ఫర్నేసు కూడా గ్యాసుదే, కానీ వేడిగాలిని ఇల్లంతా తోసే బ్లోయరు 12 వోల్టుల బ్యాటరీ మీద తిరుగుతుంది. అది 8 ఆంపియర్లు లాగుతుంది. రాత్రంతా ఆగుతూ తిరుగుతూ అయిదు గంటలు నడిచిందనుకుంటే 40 ఆంపియర్-అవర్లు. మన మెకానిక్‌లు ఏహెచ్ అంటారే, అదే. గ్యాసు లీకు పసిగట్టే పరికరం, ఫ్రిజ్ బోర్డు, స్టీరియో గడియారం లాంటివి మనం పడుకున్నా నిద్రపోవు. చప్పుడు లేకుండా రోజుకు 17 దాకా తినేస్తాయి. ఎల్ఈడీ దీపాలకు 5. నీళ్ల పంపుకు 2. ఫోన్లు, ఒక లాప్‌టాప్ కలిపి 20. కాసేపు టీవీకి 6. మొత్తం 90.

12 వోల్టులతో గుణిస్తే 1,080 వాట్-అవర్లు. అంటే మన కరెంటు బిల్లు భాషలో ఒక్క యూనిట్, పైన కొసరు. హైదరాబాదులో ఒకటిన్నర టన్నుల ఏసీ గంట తిరిగితే దాదాపు అంత ఖర్చవుతుంది. ఇంతమంది ఇన్ని ప్యానెళ్లూ జనరేటర్లూ తీగలూ వేసుకుని రోజూ పడే తిప్పలన్నీ ఆ ఒక్క యూనిట్ కోసమే.

మూడో రాత్రి

కొత్తగా ట్రైలర్ కొన్నవాళ్లకు షోరూములో చెప్పే మాట ఒకటుంది: "పైన సోలార్ ఉంది, మీకేం భయం లేదు." కప్పు మీద 200 వాట్ల ప్యానెల్ పరుపులా పడుకుని ఉంటుంది. కింద గోల్ఫు బండ్లలో వాడే 6 వోల్టుల బ్యాటరీలు రెండు వరసగా కలిపి ఉంటే అది మంచి ఏర్పాటే. 12 వోల్టుల దగ్గర 225 ఏహెచ్. మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద కూర్చునే 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ తెలిసినవాళ్లకు దీని పరిమాణం వెంటనే అర్థమవుతుంది.

డిసెంబరు నెల. మొదటి రాత్రి 90 పోతే మిగిలింది 135. పగలు 200 వాట్ల ప్యానెల్ అన్నీ కలిసొస్తే 36 దాకా ఇస్తుంది. అంత తక్కువా అనిపిస్తుంది, కారణం తర్వాత చెబుతాను. రెండో రాత్రి అయ్యేసరికి 81. మర్నాడు మళ్లీ 36 కలిస్తే 117. మూడో రాత్రి తెల్లవారుజామున 27 మిగలాలి. కాగితం మీద మిగులుతుంది గానీ అంత అడుగంటిన బ్యాటరీలో లోడు పడగానే వోల్టేజి కుప్పకూలుతుంది.

అప్పుడు ఫర్నేసు చేసే పని విచిత్రంగా ఉంటుంది. దానిలో సెయిల్ స్విచ్ అని చిన్న రేకు ఉంటుంది. బ్లోయరు గాలి తగినంత జోరుగా వస్తేనే ఆ రేకు కదిలి, బర్నరు వెలగడానికి అనుమతిస్తుంది. గాలి చాలకపోతే మంట వెలిగించడం ప్రమాదం కాబట్టి ఆ ఏర్పాటు. వోల్టేజి తగ్గినప్పుడు బ్లోయరు నీరసంగా తిరుగుతుంది, రేకు కదలదు, మంట రాదు. చలిగాలి మాత్రం ఇంట్లోకి వస్తూనే ఉంటుంది, ఉన్న కాస్త బ్యాటరీనీ తింటూ. బయట అయిదారు డిగ్రీలు. సిలిండరులో గ్యాసు నిండుగా ఉంటుంది. గ్యాసు హీటరు కరెంటు లేక ఆగిపోయిందంటే ముందు ఎవరూ నమ్మరు. సిలిండరు మార్చి చూస్తారు.

అందుకే అనుభవం ఉన్నవాళ్లు బ్లోయరు అక్కర్లేని గ్యాసు హీటరు ఒకటి పెట్టుకుంటారు. కరెంటు ఖర్చు సున్నా. అయితే అది గదిలో గాలినే మండించుకుంటుంది కనుక కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పనిచేస్తూ ఉండాలి, దాన్ని వెలిగించి పడుకోకూడదు. అంటే సాయంత్రానికి అది, పడుకున్నాక ఫర్నేసు, పైన దుప్పట్లు ఇంకో రెండు. ప్యానెల్ కొనే ముందు దుప్పటి కొనడం చవక.

అర్ధాకలి

సీసపు బ్యాటరీని ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్తోఁ ప్లాంతె 1859లో తయారుచేశాడు. నూట అరవై ఏళ్లు దాటినా దాని స్వభావం మారలేదు. కరెంటు వాడుకుంటున్నకొద్దీ రెండు రకాల ప్లేట్ల మీదా లెడ్ సల్ఫేట్ పేరుకుంటుంది, యాసిడ్ పలచబడి నీళ్లవుతుంది. చార్జింగ్ పెడితే ఆ సల్ఫేట్ కరిగి మళ్లీ సీసంగా, యాసిడ్‌గా మారుతుంది. కొత్తగా పేరుకున్నది మెత్తగా ఉండి తేలిగ్గా కరుగుతుంది. రోజుల తరబడి కరగకుండా వదిలేస్తే గట్టి స్ఫటికాలవుతుంది. ఆ తర్వాత ఎంత చార్జింగ్ పెట్టినా అది తిరిగిరాదు. అంత మేరకు ప్లేటు చచ్చినట్టే.

బూన్‌డాకింగ్‌లో పాడైన బ్యాటరీని చూసి "ఎక్కువ వాడేశాం" అనుకుంటారు. నా ఉద్దేశంలో ఎక్కువసార్లు జరిగేది వేరు. సగం వాడి ఆ రోజే పూర్తిగా నింపిన బ్యాటరీ ఏళ్లపాటు సేవ చేస్తుంది. రోజూ కాస్తే వాడి, రోజూ తొంభై శాతం దగ్గరే ఆపేసినది మాత్రం ఒకట్రెండు సీజన్లలో చేతులెత్తేస్తుంది. వాడకం కంటే అర్ధాకలి దానికి పెద్ద శత్రువు. పై లెక్కలో ఆ ట్రైలర్ వాళ్లు మూడో రోజు పార్కుకు వెళ్లి ప్లగ్గు పెట్టి గంటలో వచ్చేస్తే చలి బాధ తీరుతుంది గానీ బ్యాటరీ బాధ తీరదు.

ఎందుకంటే ఆ చివరి ఇరవై శాతం ఎక్కడం మహా నెమ్మది. బస్తాలో వడ్లు నింపేటప్పుడు ముప్పాతిక వంతు దాకా గంపలతో గుమ్మరిస్తాం, ఆపైన కుదించి కుదించి దోసిళ్లతో పోయాలి. సీసపు బ్యాటరీ అంతే. ఎనభై శాతం దాకా చార్జరు ఎంత ఇస్తే అంత మింగుతుంది. దీన్ని బల్క్ దశ అంటారు. అక్కడి నుంచి వోల్టేజిని 14.4 – 14.8 దగ్గర నిలబెట్టి ఉంచినా లోపలికి వెళ్లే కరెంటు క్రమంగా తగ్గిపోతుంది. ఈ అబ్సార్ప్షన్ దశకు మూడు నాలుగు గంటలు, పాత బ్యాటరీకి ఇంకా ఎక్కువే పడుతుంది. గట్టిగా తోసి తొందరపెట్టడం కుదరదు. తోస్తే నీళ్లు విడిపోయి వాయువులుగా పోతాయి, అంతే.

పొద్దున మోత, మధ్యాహ్నం ఎండ

ఈ ఒక్క సంగతి తెలిస్తే జనరేటరు ఎప్పుడు వేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. బ్యాటరీ బాగా ఆకలిగా ఉన్నది పొద్దున్నే. అప్పుడు గంటన్నర జనరేటరు వేస్తే 55 ఆంపియర్ల చార్జరు ద్వారా పెద్ద ముద్దలన్నీ వెళ్లిపోతాయి. తొమ్మిదింటికి దాన్ని ఆపేస్తే, అప్పటి నుంచి సాయంత్రం నాలుగు దాకా ప్యానెల్ నెమ్మదిగా మిగతాది నింపుతుంది. ఎండ తీరిగ్గా ఇచ్చే కొద్దిపాటి కరెంటే అబ్సార్ప్షన్‌కు సరిపోతుంది. రెండూ దొరికేచోట ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

జనం చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. పగలంతా ఎండను నమ్ముకుని, చీకటి పడ్డాక దీపాలు మసకబారితే అప్పుడు జనరేటరు తాడు లాగుతారు. చుట్టుపక్కలవాళ్లు మంట వేసుకుని కుర్చీల్లో కూర్చునే వేళ అది. లా పోసాలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా నిశ్శబ్దం పాటించాలి. నేషనల్ పార్కు క్యాంపుగ్రౌండ్లలో జనరేటరు వేళలు ఇంకా కురచ. చాలాచోట్ల పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. ఎడారిలో తగాదాలు కుక్కల వల్ల కొన్ని, జనరేటర్ల వల్ల మిగిలినవన్నీ. ఇళ్ల నిర్మాణంలో వాడే చవక జనరేటరు తెచ్చి పక్కవాడి కిటికీ కింద పెట్టేవాళ్ల మీద నాకు సానుభూతి లేదు. హోండా 2200 లాంటి ఇన్వర్టర్ జనరేటర్లు ఖరీదైనవే గానీ మాటలు వినబడేంత నెమ్మదిగా నడుస్తాయి, లోడు తగ్గితే వేగం తగ్గించుకుంటాయి.

జనరేటరుంది, పెట్రోలుంది, పొద్దున్నే వేశారు, అయినా బ్యాటరీ నిండటం లేదంటే చూడాల్సినవి రెండు. మొదటిది తీగ ఎక్కడ కలిపారన్నది. చాలా చిన్న జనరేటర్ల మీద '12 వోల్ట్ డీసీ' అని ఓ సాకెట్ ఉంటుంది. బ్యాటరీ కూడా 12 వోల్టులే కదా అని దానికే కలుపుతారు. అందులోంచి వచ్చేది 8 ఆంపియర్లు. 90 నింపాలంటే పొద్దున మొదలుపెడితే రాత్రవుతుంది. బండి ప్లగ్గును జనరేటరు 120 వోల్టుల సాకెట్‌లో పెట్టి, బండి లోపలి చార్జరుకే పని అప్పగించాలి. రెండోది ఆ లోపలి చార్జరు. దాన్ని కన్వర్టర్ అంటారు. పాత బండ్లలో అది ఎప్పుడూ 13.6 వోల్టుల దగ్గరే కూర్చుంటుంది. పార్కులో నెల్లాళ్లు తగిలించి ఉంచితే నింపుతుంది, గంటన్నరలో నింపలేదు. దాన్ని తీసేసి మూడు దశల చార్జరు పెట్టించుకోవడం కొత్త ప్యానెల్ కన్నా ఎక్కువ లాభం. ఈ మాట ప్యానెల్ అమ్మేవాళ్లు చెప్పరు.

కొండ ఎక్కితే జనరేటరుకూ ఊపిరి ఆడదు. ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు మూడున్నర శాతం శక్తి తగ్గుతుంది. ఎనిమిది వేల అడుగుల దగ్గర నాలుగో వంతుకు పైగా పోయినట్టే. ఎక్కడ వేసినా దాని పొగ గొట్టం బండి వైపూ, పక్కవాడి కిటికీ వైపూ ఉండకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనా రంగూ లేవు.

ప్రయాణంలో ఉన్న రోజు వేరే దారి ఉంది, ఇంజిను ఆల్టర్నేటరు. ట్రక్కు నుంచి ట్రైలరుకు వెళ్లే ఏడు పిన్నుల ప్లగ్గులో చార్జింగ్ తీగ ఉంటుంది, కానీ సన్నటి తీగలో, అంత దూరంలో వోల్టేజి జారిపోయి చివరికి చేరేది కొద్దిపాటే. మధ్యలో డీసీ-డీసీ చార్జరు పెట్టి, లావు తీగ వేస్తే 30 ఆంపియర్లు నిలకడగా వస్తాయి. మూడు గంటలు నడిపితే 90. మన యూనిట్ దారిలోనే వచ్చేసింది.

పడుకున్న ప్యానెల్

ఇప్పుడు ఆ 36 సంగతి. క్వార్ట్‌సైట్ ఉన్నది 33.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిక్చక్రం నుంచి 33 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కప్పు మీద పడుకున్న ప్యానెల్‌కు ఆ ఎండ ఏటవాలుగా, సగానికి కాస్త ఎక్కువగా మాత్రమే తగులుతుంది. పగలే పది గంటలు. అందుకే 100 వాట్ల ప్యానెల్ ఆ రోజుల్లో మబ్బు లేకపోయినా సుమారు 18 ఏహెచ్ ఇస్తుంది. అదే ప్యానెల్‌ను దక్షిణానికి తిప్పి నిటారుకు దగ్గరగా నిలబెడితే 30 దాకా వస్తుంది. కొత్త ప్యానెల్ కొనక్కర్లేదు. రెండు రేకులు, నాలుగు బోల్టులు, రోజూ నిచ్చెన ఎక్కే ఓపిక చాలు. గాలి లేచినప్పుడు దించకపోతే ప్యానెల్ పక్కవాడి స్థలంలో దొరుకుతుంది.

ఎండ గురించి ఇంకో నిజం: ప్యానెల్‌లో ఒక మూల నీడ పడితే ఆ మూల వరకే నష్టం అనుకుంటాం. లోపల సెల్లులన్నీ వరసగా గొలుసులా కలిపి ఉంటాయి. ఒక్క సెల్లు చీకట్లో పడితే ఆ వరస మొత్తం కుంటుపడుతుంది. బైపాస్ డయోడ్లు ఆ వరసను తప్పించి మిగతాదాన్ని కాపాడతాయి గానీ ఉత్పత్తిలో మూడో వంతో సగమో పోతుంది. ఆర్వీ కప్పు మీద ఏసీ పెట్టె, గాలి గొట్టం, యాంటెన్నా అన్నీ ఉంటాయి. చలికాలపు ఏటవాలు ఎండలో వాటి నీడలు పొడుగు. పొద్దున తొమ్మిదికి ఓసారి, మూడింటికి ఓసారి కప్పెక్కి చూస్తే ఏ నీడ ఎక్కడ పడుతోందో తెలిసిపోతుంది. బండిని నేల మీద ఏ దిక్కుకు తిప్పి ఆపాలన్నది కూడా అక్కడే తేలుతుంది. దృశ్యం బాగుందని కిటికీ కొండల వైపు తిప్పుకునేవాళ్లు కొత్తవాళ్లు. పాతవాళ్లు ప్యానెల్‌కు ఎండ చూసుకున్నాకే కిటికీ సంగతి చూస్తారు.

నిలబెట్టిన 400 వాట్లుంటే మన లెక్కకు 120 వస్తుంది. సీసపు బ్యాటరీ ఎక్కించినదాంట్లో కొంత వేడిగా పోగొట్టుకుంటుంది, అది తీసేసినా 90 తిరిగొస్తుంది. రెండు రోజులు మబ్బు పట్టిందా, జనరేటరు బయటికి తీయాల్సిందే.

లిథియం వచ్చాక

క్వార్ట్‌సైట్ లాంటి చోట్ల పదేళ్లలో వచ్చిన పెద్ద మార్పు పెట్టెలో ఉంది. సీసం పోయి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వచ్చింది. ఈ పదార్థం బ్యాటరీకి పనికొస్తుందని 1997లో ప్రకటించింది ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడ్‌ఎనఫ్ బృందం. ఆ పరిశోధనపత్రం మీద ఆయనతో పాటు ఉన్న పేర్లు రెండూ మనవాళ్లవే: అక్షయ పాఢీ, కె.ఎస్. నంజుండస్వామి. గుడ్‌ఎనఫ్‌కు లిథియం బ్యాటరీల మీద కృషికి 2019లో, 97 ఏళ్ల వయసులో నోబెల్ వచ్చింది.

ఇంతసేపూ చెప్పిన అర్ధాకలి బాధ దీనికి లేదు. సగం నింపి వదిలేసినా అలగదు. నిజానికి నిండుకుండలా నెలల తరబడి ఉంచడమే దానికి ఇష్టం ఉండదు. సల్ఫేట్ లేదు, పోయడానికి డిస్టిల్డ్ వాటర్ లేదు. 100 ఏహెచ్‌లో తొంభై నిశ్చింతగా వాడుకోవచ్చు. సీసంలో సగానికి మించి వాడటం మంచిది కాదు కనుక ఒక లిథియం దాదాపు రెండు సీసపు బ్యాటరీల పెట్టు. బరువు సగం లోపే. చివరి ఇరవై శాతం కోసం ఎదురుచూడటం కూడా లేదు. దాదాపు నిండేదాకా ఒకే జోరున మింగుతుంది. పొద్దున రెండు గంటల జనరేటరుతో పని పూర్తవుతుంది. పదేళ్ల కిందట 100 ఏహెచ్‌కు వెయ్యి డాలర్ల దగ్గర పలికినది ఇప్పుడు మూడొందల లోపే దొరుకుతోంది. చలికాలమంతా హుకప్ లేకుండా ఉండేవాళ్లు ఇంకా సీసం కొనడానికి నాకు కారణం కనిపించడం లేదు. ఏడాదికి నాలుగు వారాంతాలు తిరిగేవాళ్ల సంగతి వేరు.

దీనికీ మొండితనాలు రెండున్నాయి. గడ్డకట్టే చలిలో, అంటే సున్నా డిగ్రీల కింద, దాన్ని చార్జ్ చేస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది. వాడుకోవచ్చు, నింపకూడదు. అందుకే మంచి బ్యాటరీల్లో చలికి చార్జింగ్ ఆపేసే కాపలా బోర్డు ఉంటుంది. కొన్నిట్లో వేడిచేసుకునే ఏర్పాటే ఉంటుంది. సీసం బ్యాటరీని హైడ్రోజన్ వాయువు వల్ల బయట పెట్టెలో పెట్టాల్సివచ్చేది. ఇది ఇంట్లోకి, మంచం కిందకి రావచ్చు; చలి సమస్య సగం తీరినట్టే. రెండోది, ఇది చెప్పకుండా పోతుంది. సీసం దిగిపోతుంటే దీపాలు మసకబారి ముందే తెలిసేది. లిథియం వోల్టేజి దాదాపు చివరిదాకా 13 దగ్గరే నిలబడి, హఠాత్తుగా కాపలా బోర్డు గేటు మూసేస్తుంది. ఒక్కసారిగా అంతా చీకటి.

కనుక గోడ మీద పావు, సగం, ముప్పావు అని వెలిగే నాలుగు చుక్కల మీటరును చూసి నిర్ణయాలు తీసుకోవద్దు. అది వోల్టేజిని చూసి చెప్పే జోస్యం. సీసానికి కూడా లోడు లేకుండా, చార్జింగ్ లేకుండా గంటలపాటు ఉంచాకే వోల్టేజి నిజం చెబుతుంది: 12.6 – 12.7 నిండు, 12.1 సగం. ఎండ పడుతుండగా చూస్తే 14 చూపించి అంతా బాగుందంటుంది. షంట్ అనే చిన్న ఇత్తడి ముక్కను బ్యాటరీ నెగటివ్ తీగలో కలిపితే లోపలికెన్ని వచ్చాయి, బయటికెన్ని పోయాయి అని ప్రతి ఆంపియరునూ లెక్కగట్టి ఫోనులో చూపిస్తుంది. పైన నేను రాసిన 90 అంకె ఎవరి బండిలోనూ కచ్చితంగా 90 ఉండదు. మీ అంకె మీకు చెప్పేది ఆ ఇత్తడి ముక్కే. ముందు అది కొనాలి, నెల్లాళ్లు చూడాలి, ఆ తర్వాతే ప్యానెళ్లూ బ్యాటరీలూ ఎన్ని కావాలో ఆలోచించాలి. సరిగ్గా దీనికి తిరగేసిన వరసలోనే అందరూ కొంటారు.

ఎల్లోస్టోన్‌లో రైస్ కుక్కర్

అమెరికాలో ఉన్న మన పిల్లలు వేసవిలో అమ్మానాన్నలు వచ్చినప్పుడు అద్దె ఆర్వీ తీసుకుని పార్కులు చూపించడం మామూలైంది. అద్దె సంస్థవాళ్లు పావుగంటలో అన్నీ చూపించి తాళాలిచ్చేస్తారు. ఎల్లోస్టోన్ పార్కు లోపల హుకప్స్ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కచోటే. యోసెమిటీ క్యాంపుగ్రౌండ్లలో ఎక్కడా లేవు. మిగతా చోట్ల బుక్ చేసుకున్నవాళ్లు తెలియకుండానే బూన్‌డాకింగ్‌లోకి దిగినట్టు.

మన వంటింట్లో అసలు చిక్కు రైస్ కుక్కర్. 600 వాట్ల కుక్కర్ ఇన్వర్టర్ ద్వారా అరగంట నడిస్తే 28 ఏహెచ్. రెండు పూటలా అన్నం వండితే ఫర్నేసు రాత్రంతా తిన్నదానికన్నా ఎక్కువ. మైక్రోవేవ్ సరేసరి, నడిచినంతసేపూ 120 ఆంపియర్లకు పైగా లాగుతుంది. బండిలో గ్యాసు పొయ్యి ఉంది. దాని మీద ప్రెషర్ కుక్కర్ పెడితే ఖర్చు సున్నా. మిక్సీ అరనిమిషం తిరుగుతుంది కనుక దాన్ని చూసి భయపడక్కర్లేదు. చట్నీకి లోటు రాదు. ఇన్వర్టరును ఊరికే ఆన్‌లో వదిలేస్తేనే నష్టం, ఏ పనీ చేయకుండా గంటకు ఒకటి రెండు ఆంపియర్లు తింటూ ఉంటుంది.

అద్దె మోటార్‌హోములో జనరేటరు బండిలోనే బిగించి ఉంటుంది, బండి ట్యాంకులోని పెట్రోలే తాగుతుంది. ట్యాంకు పావు వంతుకు దిగితే అది ఆగిపోతుంది. బంకుకు వెళ్లేంత పెట్రోలు మిగలాలని గొట్టాన్ని కావాలనే పైన అమర్చారు. చెడిపోయిందని ఫోన్లు చేసే ముందు ఆ ముల్లు చూసుకోవాలి. ఇంజిను స్టార్ట్ చేసే బ్యాటరీ వేరు, ఇంట్లో దీపాల బ్యాటరీ వేరు. రెండోది డౌన్ అయినా బండి కదులుతుంది. పెద్దవాళ్లకు ఈ ముక్క ముందే చెబితే రాత్రి దీపం పోయినప్పుడు కంగారు పడరు.

పెద్దల్లో ఎవరికైనా శ్వాసకు సీపాప్ యంత్రం ఉంటే దాని హ్యూమిడిఫయరు, వేడి గొట్టం ఆపేసి 12 వోల్టుల అడాప్టరుతో నడపడం మంచిది. వేడిచేసే భాగమే ఎక్కువ కరెంటు తింటుంది. డాక్టర్ని అడిగి, ఇంటి దగ్గరే ఒక రాత్రి అలా పడుకుని చూసుకోవాలి.

ఇన్ని ఉపాయాలకూ లొంగనిది ఒకటి మిగిలింది, ఏసీ. కప్పు మీది 13,500 బీటీయూ ఏసీ దాదాపు 1,500 వాట్లు లాగుతుంది. మన రోజంతటి యూనిట్ నలభై నిమిషాల్లో హారతి. రాత్రంతా దాన్ని నడపాలంటే పది యూనిట్ల బ్యాటరీ, దాన్ని నింపడానికి కప్పు నిండా ప్యానెళ్లు కావాలి. అలా కట్టుకున్న బండ్లు లేకపోలేదు, వాటి ఖరీదుకు చిన్న ఇల్లే వస్తుంది. అందుకని ఏప్రిల్ 15 పర్మిట్ గడువు కన్నా ముందే, ఎండ ముదరగానే లా పోసా ఖాళీ అవడం మొదలవుతుంది. చాలామంది ఏడు వేల అడుగుల ఎత్తులో ఉన్న ఫ్లాగ్‌స్టాఫ్ చుట్టుపక్కల అడవులకు ఎక్కుతారు. అక్కడ జూన్‌లో సూర్యుడు దాదాపు నడినెత్తి మీదకొస్తాడు, ప్యానెల్‌ను మళ్లీ పడుకోబెట్టొచ్చు, 100 వాట్లకు 40 ఏహెచ్ దాకా వస్తుంది. ఫర్నేసుతో పని తక్కువ. చిక్కల్లా పాండెరోసా పైన్ చెట్ల నీడతోనే. బండి నీడలో, మడత ప్యానెళ్లు దూరంగా ఎండలో, మధ్యన ముప్పై అడుగుల తీగ. ఆ తీగ సన్నదైతే పైన సంపాదించిందంతా దారిలోనే పోతుంది గనుక లావుది కొనాలి, ప్యానెల్ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మలిచే చార్జ్ కంట్రోలరును ప్యానెల్ దగ్గర కాకుండా బ్యాటరీ పక్కన బిగించాలి.